కింద గీత ఉన్న తొమ్మిది

తలుపు మళ్ళీ ధడేల్మంది.

"ఇది అయిదోసారి," అన్నారు మా అత్తగారు లోపలి గదిలోంచి. "కునుకు పట్టిందనుకోగానే గుండె గుభేలుమంటోంది. ఆ అడ్డం పెట్టే రాయి ఏదే అమ్మాయ్?"

"నాకేం తెలుసత్తయ్యా! మీ అబ్బాయిని అడగండి."

మా ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు ఒక కాగితం, ఒక కలం. ఎదురు కుర్చీలో మా అన్నయ్య. ఈయన కలాన్ని అటు జరపడం, అన్నయ్య దాన్ని చూస్తూ కూర్చోవడం, అరగంటగా ఇదే వరస.

"అదా? పారేశాను," అన్నారు తలెత్తకుండా.

రాయి పారేసే మనిషా ఈయన! ఇరవయ్యేళ్ళుగా అగ్నిపర్వతాల పేరు చెప్పుకుని బతుకుతున్న ప్రొఫెసరు. మా పుస్తకాల అరల్లో పుస్తకాల కంటే నల్లరాళ్ళే ఎక్కువ. స్నానాలగది కిటికీలో సబ్బు పక్కన కూడా ఒక బసాల్టు ముక్క ఉంటుంది. పెళ్ళైన కొత్తలో దుమ్ము తుడుస్తూ ఒకదాని చీటీ ఊడగొట్టానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి మనిషి, గుడ్డసంచిలో కుట్టి పన్నెండేళ్ళుగా వీధి తలుపుకి అడ్డం పెట్టుకున్న రాయిని పారేశారట.

"ఎక్కడ పారేశారు?"

"ఇప్పుడదా ముఖ్యం? అయిదింటికి మేడమ్ వస్తారు. బావగారు సంతకం పెడితే ఆవిడ చేతికిచ్చేస్తాను. రేపు కమిటీలో ఇక మాట్లాడుకునేది ఏమీ ఉండదు."

గడియారం చూశాను. నాలుగుంబావు.

ఆ కాగితం నేను పొద్దున్నే చదివాను. నాలుగే వాక్యాలు. యూనివర్సిటీలో రాళ్ళు కోసే గదిలో పనిచేసే మా అన్నయ్య, పదమూడేళ్ళ కిందట, తొమ్మిది లావా పొరల రాళ్ళని కోసి గాజుపలకలకి అంటించే రోజున, ట్రే అటుది ఇటు తిప్పి పెట్టాడట. దాంతో ఒకటి తొమ్మిదైంది, తొమ్మిది ఒకటైంది. ప్రొఫెసర్ గారు ఆ వరుసని నమ్మి వ్యాసం రాసుకున్నారట. "ఇది పూర్తిగా నా అశ్రద్ధ" అని చివరి వాక్యం. కింద అన్నయ్య సంతకానికి ఖాళీ.

మా అన్నయ్యకి "అశ్రద్ధ" అనే మాట రాయడం కూడా రాదు. పనిలో ఎప్పుడూ దాని అవసరం పడలేదు.

ఆ తొమ్మిది పొరలే మా ఆయన్ని ఇంతవాణ్ణి చేశాయి. ఒక కొండ మీద తొమ్మిదిసార్లు లావా పారి, ఒకదాని మీద ఒకటి గడ్డకట్టింది. మామూలుగా అయితే అడుగున ఉన్న మాగ్మా కాలం గడిచేకొద్దీ చల్లారుతుంది, పై పొరలకి వచ్చేసరికి రాతిలో ఆకుపచ్చ స్ఫటికాలు తగ్గిపోతాయి. ఈయన వ్యాసంలో అంతా తలకిందులు. పైకెళ్ళేకొద్దీ స్ఫటికాలు పెరిగాయి, ప్రతిసారీ ఇంకా లోతు నుంచి ఇంకా వేడి మాగ్మా తన్నుకొచ్చింది, ఆ కొండ చివరిదాకా వేడెక్కుతూనే పోయింది అని రాశారు. దేశదేశాల వాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. ఈయన డిపార్ట్‌మెంటుకి హెడ్ అయి కూర్చున్నారు.

రెండు నెలల కిందట, కొత్తగా పరిశోధన మొదలుపెట్టిన ఒక పిల్ల అదే కొండకి వెళ్ళి అవే పొరలు మళ్ళీ తెచ్చుకుంది. చూస్తే వరుస తిరగబడి ఉంది. ఆ కొండ కూడా అన్ని కొండల్లాగే చల్లారిందట. దానితో కమిటీ, విచారణ, ఇంట్లో ఈ కాగితం.

"అన్నయ్యా, నా మొహం చూసి చెప్పు. నువ్వు ట్రే తిప్పి పెట్టావా?"

అన్నయ్య నా మొహం చూడలేదు. తన వేళ్ళు చూసుకున్నాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు గాజుబల్ల మీద గరుకుపొడి, నీళ్ళు పోసి రాళ్ళు అరగదీసి ఆ వేళ్ళ మీద గీతలే లేకుండా పోయాయి. హాజరు మిషను అతని బొటనవేలిని గుర్తుపట్టదు. యూనివర్సిటీ అంతా వేలు పెట్టి లోపలికి పోతుంటే ఇతనొక్కడే పుస్తకంలో సంతకం చేస్తాడు. రాయిని వెంట్రుక కంటే పల్చగా, వెలుతురు దూరేంత పల్చగా అరగదీస్తాడు. అలాంటివి కొన్ని వేలు చేశాడు. ఒక్కదానికీ చీటీ తప్పు పడలేదు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు.

"మాట్లాడవేం?"

"ఎప్పటి మాటో చిట్టీ. అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చా! నిరుడు పోయిన గొడుగు ఏ బస్సులో మర్చిపోయావో నంబరుతో సహా చెప్పావు. ఇది మాత్రం అయ్యుండొచ్చా?"

"చూశావా, ఆయనే ఒప్పుకుంటుంటే మధ్యలో నీకేం?" అన్నారు మా ఆయన. "రిటైరయ్యే మనిషికి పోయేదేముంది? మహా అయితే ఒక మెమో. నాకైతే మొత్తం పోతుంది."

అంటూనే బిస్కెట్టు టీలో ముంచారు. అది విరిగి అడుక్కి పోయింది. చెంచాతో దాన్ని దేవుకుని, చప్పరించుకుంటూ తిన్నారు. అవతల ఒక మనిషిని తన ముప్ఫయ్యొక్క ఏళ్ళ పేరు తుడిచేసుకోమని అడుగుతూ, ఇవతల కప్పు అడుగున మిగిలిన ముద్దని కూడా వదలని ఆ శ్రద్ధ చూసి నాకు వెగటు పుట్టింది.

తలుపు మళ్ళీ కొట్టుకుంది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా," అని పిలిచారు మా అత్తగారు.

వెళ్ళాను. మంచం మీద కూర్చుని కాలి బొటనవేలు పట్టుకుని ఉన్నారు.

"చెప్పుల కోసం కాలు కిందికి పెడితే ఏదో తగిలింది. తీసి చూడు."

వంగి చూశాను. మా ఆయన పాత స్వెట్టరు, దానిలో చుట్టిన గుడ్డసంచి. ఆ బరువు నాకు బాగా తెలుసు. వారానికి ఒకసారి దాన్ని జరిపి తుడిచేది నేనే కదా.

"ఇది ఇక్కడికెలా వచ్చిందత్తయ్యా?"

"పొద్దున వాడే పెట్టాడు. ఎవరికీ చెప్పకమ్మా అన్నాడు." ఆవిడ బొటనవేలు రుద్దుకున్నారు. "చెప్పకు అన్నాడు, నేను చెప్పలేదు. చూపించకు అనలేదుగా."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

"చిన్నప్పుడూ ఇంతే వాడు," అన్నారు ఆవిడ. "ఏది పగలగొట్టినా ముక్కలు తెచ్చి నా మంచం కిందే దాచేవాడు. మీ మామగారి అద్దం పగలగొట్టి ఆ నేరం పిల్లి మీద పెట్టాడు ఒకసారి."

"పిల్లినేం చేశారు?"

ఆవిడ ఒక కాలికి చెప్పు తొడుక్కున్నారు.

"తరిమేశాం," అన్నారు.

కత్తెర తెచ్చి సంచి కుట్లు విప్పాను. ఆ కుట్లు నావే. నేల గీసుకుపోతోంది, దీనికో సంచి కుట్టు అని పన్నెండేళ్ళ కిందట ఈయనే అడిగారు. ఇంటి మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయి, దళసరి గుడ్డ కొనుక్కొచ్చి, రెండు వరసలు కుట్టాను.

సంచి జారింది. నల్లటి రాయి. మీద ఎర్ర రంగుతో తొమ్మిది అంకె, కింద గీత. నా చేతిరాత. తిప్పి చూస్తే అడుగున మూడు గులకరాళ్ళు, తెల్లగా, నున్నగా, రాతిలో సగం మునిగి ఉన్నాయి.

ఆ రోజంతా గుర్తొచ్చింది. పెళ్ళైన రెండో ఏడు. వరదకి కొండ కింది దారి కొట్టుకుపోతే, వెనక నుంచి కారులో పైకి వెళ్ళి, అక్కణ్ణించి దిగాం. ఆయన రాయి కొట్టి "ఒకటి!" అని అరిచేవారు. నేను రంగు డబ్బా పట్టుకుని ఒకటి వేసేదాన్ని. కొంచెం దిగాక "రెండు!" అలా సాయంత్రానికి ఏటి ఒడ్డుకి చేరాం. "తొమ్మిది! కింద గీత గియ్యి, లేకపోతే తిరగేసి ఆరనుకుంటారు," అన్నారు. అడుగు పొర ఏటి మీదుగా పారి, అక్కడి గులకరాళ్ళని పొట్టకి అంటించుకుని గడ్డకట్టిందని చూపించారు. కొండ మొత్తంలో గులకరాళ్ళు ఉన్నది ఆ ఒక్క పొరకేనట. "ఇది మన గుర్తు" అని ఒక ముక్క ఇంటికి తెచ్చుకున్నాం. నోటుపుస్తకం మాత్రం ఏట్లో పడి, రాసిందంతా అలుక్కుపోయింది.

రాళ్ళవాళ్ళు కొండని కింద నుంచి లెక్కపెడతారు. ముందు పారింది అడుగున ఉంటుంది కాబట్టి అదే మొదటి పొర. ఆ ఏడు ఆయన తిరిగిన మిగతా కొండలన్నీ ఎక్కుతూ లెక్కపెట్టినవే. ఇదొక్కటే దిగుతూ లెక్కపెట్టాం. మా ఒకటి ఆ కొండకి ఆఖరిది. ఇంటికొచ్చాక అంకెలు తిరగరాసుకోవాల్సిన మనిషి మర్చిపోయారు. అంతే జరిగింది. అన్నయ్య ట్రే ముట్టుకోకముందే తప్పు జరిగిపోయింది.

మనిషన్నాక మరుపు ఉండదా? నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం తేలికపడింది. రాయి తీసుకెళ్ళి బల్ల మీద, ఆ కాగితం మీదే పెట్టాను.

"మర్చిపోయానని రాసెయ్యండి," అన్నాను. "దిగుతూ లెక్కపెట్టాం, తిరగరాయడం మర్చిపోయాను అని రెండు ముక్కలు. ఎవరూ ఉరి తియ్యరు. అన్నయ్యని ఇందులోకి లాగకండి."

ఆయన రాయి వంక చూశారు. తరవాత లోపలి గది వంక చూశారు.

"అమ్మ చెప్పిందా?"

అడగాల్సిన మాట అదా!

అన్నయ్య చెయ్యి చాపి గులకరాళ్ళని తడిమి చూశాడు. "గులకరాళ్ళున్న ముక్కలన్నీ పారేశానన్నారు కదా బావగారూ... అప్పుడు," అన్నాడు మెల్లగా.

"ఎప్పుడు?" అన్నాను.

మా ఆయన ఖాళీ కప్పులో చెంచా తిప్పారు.

"ఎప్పుడన్నయ్యా?"

"వ్యాసం అచ్చైన ఆరు నెలలకి. తొమ్మిదో రాయి ఇంకోసారి కోశాను. అంచున గులకరాయి తగిలింది. అన్నిటికన్నా పై పొర కదా, దీనికి ఏటి గులకరాయి ఎలా వచ్చిందని అడిగాను."

"ఏమన్నారు?"

"ఎందుకులే చిట్టీ."

"ఏమన్నారు?"

"మీరు కోయండి బావగారూ, చదవడం మేం చదువుతాం, అన్నారు. గులకరాయి లేని వైపు ఇంకో ముక్క కోయమన్నారు." అన్నయ్య రాయిని బల్ల మీద కొంచెం అవతలికి జరిపాడు. "కోశాను."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అంటే మరుపు కాదు. మరుపు ఆరు నెలలే. ఆ తరవాత పన్నెండేళ్ళూ తెలిసే నడిపిన బతుకు. తెలిసే ప్రసంగాలు. తెలిసే ఆ పతకం, ఆ దండ. ముందు వరసలో కూర్చుని చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టిన వెర్రిదాన్ని నేను. తెలిసే నా చేత సంచి కుట్టించారు. రాయి పారెయ్యడానికి చెయ్యి రాలేదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇంత మనిషికి ప్రేమంటూ ఉంటే ఆ రాయి మీదే ఉంది కాబోలు.

"మిమ్మల్ని చూస్తే నాకు రోత పుడుతోంది," అన్నాను.

"నెమ్మదిగా మాట్లాడు. కిటికీలు తెరిచి ఉన్నాయి."

"అదా మీ భయం!" అన్నయ్య వైపు తిరిగాను. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. అయినా ఆ క్షణాన అతన్ని చూసినా కంపరంగానే ఉంది. "నువ్వు మాత్రం? ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నీ కాపురం కదా చిట్టీ."

నా కాపురం పేరు చెప్పి ఇద్దరు మగవాళ్ళు ఒక అబద్ధాన్ని పన్నెండేళ్ళు మేపారు. వండిపెట్టింది మాత్రం నేను.

"సరే, ఆ కాపురం సంగతి నేను చూసుకుంటాను. సంతకం మాత్రం పెట్టకు. లే, ఇంటికి వెళ్ళు."

అన్నయ్య లేవలేదు. ఇప్పటిదాకా ముట్టుకోని కలాన్ని ఇప్పుడు తీసుకున్నాడు. మూత తీశాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"నీకేమైనా పిచ్చా!"

"వదిలెయ్యమ్మా. పెట్టేస్తే పోతుంది."

"ఎందుకు పెడుతున్నావు? ఆ సంగతి చెప్పి పెట్టు."

చెప్పలేదు. మా ఆయన చెప్పారు. ఫైలు తెరిచి అడుగు నుంచి ఇంకో కాగితం తీసి, నా వైపు తిప్పి పెట్టారు.

"బావగారు పెట్టకపోతే ఇది ఇవ్వాల్సి వస్తుంది. నిన్ననే ఆయనకి చూపించాను."

అదీ నాలుగు వాక్యాలే. రాళ్ళ మీద అంకెలు నా భార్య వేసింది. ఈ విషయంలో ఆమెకి ఏ శిక్షణా లేదు. నేను చెప్పిన వరుసని తలకిందులుగా రాసింది. చేతిరాత సరిపోల్చుకోవచ్చు.

రెండుసార్లు చదివాను. కింద ఆయన సంతకం అప్పటికే ఉంది.

"నీ మీద పెట్టడం నాకు ఇష్టమా? ఇష్టం లేకే కదా బావగారిని బతిమాలుకుంటున్నాను," అన్నారు. గొంతులో ఎంత జాలి! "ఇదంతా నీ కోసమే."

వంటింట్లోకి వెళ్ళి సింకు దగ్గర నోరు పుక్కిలించాను. మళ్ళీ పుక్కిలించాను. టీ తాగింది ఆయన, నోరు పాడైంది నాకు.

గంట మోగింది. ఇంకా అయిదు కాలేదు, పది నిమిషాలుంది.

మా ఆయన చురుకుదనం అప్పుడు చూడాలి. రెండో కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మొదటి కాగితం అన్నయ్య ముందు సరిచేశారు. మొహం మీదికి నవ్వు తెచ్చుకున్నారు. "ఆ రాయి లోపల పెట్టెయ్. త్వరగా," అన్నారు నాతో.

తీశాను. రెండు చేతులా పట్టుకుని వెళ్ళి వీధి తలుపు తీసి, పాత చోటనే తలుపుకి అడ్డంగా పెట్టాను. సంచి లేకుండా, అంకె పైకి కనిపించేలా.

"రండమ్మా," అన్నాను కమిటీ పెద్దావిడతో. "జాగ్రత్త, కాలికి రాయి తగులుతుంది."

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. తెల్లజుట్టు, దుమ్ము పట్టిన బూట్లు, మెడలో తాడుకి వేళ్ళాడుతున్న చిన్న భూతద్దం. రాళ్ళవాళ్ళకి రాయి కనిపిస్తే నడుం నిలవదు. నాకు పదిహేనేళ్ళుగా తెలిసిన జబ్బే. ఆవిడ లోపలికి అడుగు పెట్టకముందే వంగింది.

"మేడమ్, రండి, కూర్చోండి," అని మా ఆయన గబగబా వచ్చారు. "అదేదో పాత ముక్క. టీ చల్లారిపోతుంది."

టీ ఇంకా పెట్టనే లేదు.

ఆవిడ రాయి చేతిలోకి తీసుకుని లోపలికి వచ్చింది. అడ్డం పోయేసరికి ఆవిడ వెనకే వీధి తలుపు ధడేల్మని మూసుకుంది. ఎవరూ అటు చూడలేదు. ఆవిడ భూతద్దం కంటికి పెట్టుకుని, రాయి అడుగు భాగం వెలుతురుకి తిప్పింది.

"గులకరాళ్ళు," అంది. "ఆ కొండదేనా? ఆ అమ్మాయి ఫోటోల్లో చూశాను, అడుగు పొర ఇలాగే ఉంటుంది." రాయి మళ్ళీ తిప్పింది. "అడుగు పొర మీద తొమ్మిది ఉందేం?"

మా ఆయన ఆవిడకి కుర్చీ జరిపారు.

"ఇది కోసిన ముక్క కాదు, సుత్తితో కొట్టింది. అంకె వేసింది కొండ దగ్గరే." ఆవిడ ముగ్గురినీ చూసింది. "ఎవరి చేతిరాత ఇది?"

"నాదేనమ్మా," అన్నాడు అన్నయ్య.

కొండ మొహం ఎప్పుడూ చూడని మనిషి. నోట్లో నాలుక లేదనుకున్నాను, ఉన్న ఒక్క నాలుకతో ఈ అబద్ధం ఆడాడు. నా మీదికి రాకూడదని.

నేను మా ఆయన్ని చూశాను. ఒక్క మాట చాలు. కాదండీ అంటే చాలు. ఇంత జరిగినా, ఆ ఒక్క మాట కోసం నేను ఆగాను.

"అవును మేడమ్," అన్నారు ఆయన. "బావగారిదే."

ఇంక ఆగడానికి ఏమీ మిగల్లేదు. బల్ల దగ్గరికి వెళ్ళి అన్నయ్య చేతిలోంచి కలం తీసుకున్నాను. అతని ముందున్న కాగితాన్ని తిరగేశాను. వెనక వైపు పెద్దగా తొమ్మిది వేసి, కింద గీత గీశాను. తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ రాయిని కాగితం పక్కన పెట్టి చూసింది. తొందరపడలేదు.

"ఎటు నుంచి లెక్కపెడుతూ వేశారమ్మా?"

"పైనుంచి. దిగుతూ."

"అలా ఎవరు వేయమన్నారు?"

మా ఆయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. కాగితం మడత కరకరలాడింది. అన్నయ్య కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డాడు.

లోపలి గది గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఒక కాలికే చెప్పు ఉంది.

"ఈసారి ఎవర్ని తరిమేద్దామురా?" అని అడిగారు కొడుకుని.

ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది.